స్టూడియో నెగటివ్‌లపై దుమ్మును తుడవాలా, ఊదితే చాలునా?

రెండోతరం (కాకినాడ):
మా నాన్నగారి స్టూడియో మూతపడిన తరువాత నెగటివ్‌లన్నీ ఇంటికి చేరాయి. 1960ల చివరి నుంచి 1980ల మధ్య వరకు తీసినవి. ఎక్కువగా 120 సైజు నలుపు తెలుపు ఫిల్ములు, కొన్ని విడి షీట్లు. అంచుల మీద కొన్నింటికి ఇందు అనీ, కొన్నింటికి ఓర్వో అనీ ఫిల్ము కంపెనీ ముద్ర కనబడుతోంది. సగం బటర్ పేపర్ కవర్లలో, సగం గోధుమరంగు కాగితపు కవర్లలో ఉన్నాయి. స్కాన్ చేస్తే ప్రతి ముఖం మీదా తెల్లటి చుక్కలు, నూలుపోగుల వంటి గీతలు వస్తున్నాయి. మెత్తని పొడిగుడ్డతో తుడిస్తే ఉన్న దుమ్ము పోకపోగా కొత్తది వచ్చి అంటుకుంటోంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవమని కొందరు, బ్లోయర్ తప్ప మరేదీ తాకించవద్దని మరికొందరు చెబుతున్నారు. ఏది సరైనది? పని పూర్తయ్యాక వీటిని దేనిలో భద్రపరచాలి?

ల్యాబ్‌కోటు (హైదరాబాదు):
పొడిగుడ్డతో రుద్దడమే మీ సమస్యకు మూలం. ఫిల్ము బేస్ (బొమ్మను మోసే ప్లాస్టిక్ పొర) గుండా విద్యుత్తు ప్రవహించదు కనుక, రాపిడితో పుట్టిన స్థిర విద్యుత్తు ఎటూ పోలేక అక్కడే నిలిచి, గాలిలోని పోగులను లాక్కుంటుంది. ఎసిటేట్ కంటే పాలిస్టర్ బేస్‌కు ఈ గుణం మరీ ఎక్కువ. కవరులోంచి నెగటివ్‌ను సర్రున లాగడం కూడా రాపిడే. కవరు మూతి విప్పార్చి, అంచులు పట్టుకొని నెమ్మదిగా తీయాలి. గదిలో తేమ 45 నుంచి 50 శాతం మధ్య ఉంటే సగం పని తేలికవుతుంది. ముందుగా రబ్బరు బ్లోయర్‌తో ఊది, తరువాత యాంటీ స్టాటిక్ బ్రష్‌తో ఒకే దిశలో మెల్లగా దువ్వి, అప్పటికీ కదలని మురికిని 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన, పోగులు రాలని తుడుపుతో తీసివేయాలి. డబ్బాల్లో వచ్చే గాలి స్ప్రేను వంచి పట్టుకుంటే ద్రవం చిమ్మి మరక పడుతుంది కనుక దాని జోలికి వెళ్లకండి. నూలు చేతితొడుగులు తామే పోగులు రాలుస్తాయి. నైట్రైల్ తొడుగులు వాడండి. ఆ తరువాత అన్నింటినీ పాలిప్రొపిలీన్ స్లీవ్‌లలో పెట్టండి.

ఉప్పుగాలి (మచిలీపట్నం):
ల్యాబ్‌కోటు గారు చెప్పినది ఏప్రిల్, మే నెలల హైదరాబాదుకు సరిపోతుంది. తీరం మీద ఉన్నవారికి స్థిర విద్యుత్తు కంటే బూజుతోనే పెద్ద బెడద. తేమ 65 శాతం దాటి అక్కడే నిలిచిందంటే ఎమల్షన్‌లోని (బొమ్మ ఉండే పూతలోని) జిలాటిన్ బూజుకు తిండి అవుతుంది. ప్లాస్టిక్ స్లీవ్‌లో పెట్టి మూస్తే లోపల చిక్కిన తేమ బయటకు పోదు. జిలాటిన్ స్లీవ్‌కు అతుక్కొని నిగనిగలాడే మచ్చలు పడతాయి. బటర్ పేపర్ కూడా వానకాలంలో అలాగే అంటుకుంటుంది కనుక దానిని వెంటనే మార్చండి. ఆమ్లం లేని మామూలు కాగితపు కవరు ఒక్కటే గాలి ఆడనిస్తుంది. ఇక తుడవడం గురించి అయితే, శుభ్రం చేసి ఇస్తామన్న ఒక ల్యాబు మా అమ్మగారి నెగటివ్‌ను ఏ స్థితిలో తిరిగి ఇచ్చిందో నాకు తెలుసు. బ్లోయర్‌తో ఊదండి, అక్కడితో ఆపండి.

టెలిలెన్స్:
స్కానర్‌లో డిజిటల్ ఐస్ అనే దుమ్ము చెరిపే సదుపాయాన్ని ఆన్ చేస్తే దుమ్ము దానంతట అదే పోతుంది కదా, ఇంత చర్చ ఎందుకు?

ల్యాబ్‌కోటు:
టెలిలెన్స్ గారూ, అది పరారుణ కిరణాలతో పనిచేస్తుంది. రంగు నెగటివ్‌లోని రంగులు ఆ కిరణాలను అడ్డుకోవు, దుమ్ము అడ్డుకుంటుంది. అందువల్ల రెండింటికీ తేడా తెలుస్తుంది. మామూలు నలుపు తెలుపు ఫిల్ములోని వెండి కూడా దుమ్ములాగే అడ్డుకుంటుంది కనుక అది ముఖాన్ని కూడా దుమ్ము కింద జమకట్టి పాడుచేస్తుంది.

ఉప్పుగాలి గారూ, కాగితమే పోగులకు పుట్టిల్లు. పైగా పాత కవర్లకు మధ్యలో జిగురు అతుకు ఉంటుంది. ఆ జిగురు తేమను పీల్చుకొని, అతుకు వెంబడే బొమ్మ వెలిసిపోయిన నెగటివ్‌లు నా బల్ల మీదికి ఎన్నో వచ్చాయి. మెత్తగా, కొత్త రెగ్జిన్ వాసన వేసే పీవీసీ కవర్లు నిజంగానే హాని చేస్తాయి. వాటిని చూసి పాలిప్రొపిలీన్‌ను, పాలిస్టర్‌ను కూడా అదే గాటన కట్టకూడదు. కవరు ఫొటోకు హాని చేస్తుందో లేదో తేల్చే పరీక్షకు ఐఎస్ఓ 18916 అనే ప్రమాణం ఉంది. ఆ పరీక్ష నెగ్గినది కాగితమైనా ప్లాస్టిక్ అయినా వాడవచ్చు, నెగ్గనిది ఏదైనా వాడరాదు.

గాజుపలక (సికింద్రాబాదు):
నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ గాజు నెగటివ్‌లు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. వందేళ్లు దాటినా అవి నిలవలేదా?

ల్యాబ్‌కోటు:
గాజుకు వెనిగర్ జబ్బు (బేస్ చెడి ఆమ్లం ఆవిరి వదలడం) రాదు, ఎసిటేట్ బేస్‌కు వస్తుంది. రెండోతరం గారు కవర్లు తెరిచినప్పుడు పుల్లటి వాసన వస్తే ఆ నెగటివ్‌లను వెంటనే వేరుచేయాలి. అమెరికాలో రాచెస్టర్‌లోని ఇమేజ్ పర్మనెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఇందుకోసమే ఏ-డి పట్టీలు తయారుచేస్తుంది. ఆమ్లం ఆవిరి తగిలేకొద్దీ అవి నీలం నుంచి ఆకుపచ్చకు, ఆపై పసుపుకు మారతాయి. ఆ ఆవిరే పక్కనున్న మంచి నెగటివ్‌లను కూడా చెడగొడుతుంది.

ఉప్పుగాలి:
ఆవిరి బయటకు పోవాలని మీరే ఒప్పుకుంటున్నారు, మళ్లీ ప్లాస్టిక్‌లో మూయమంటున్నారు. ప్రమాణాల నంబర్లు చెప్పేవారు ఒక్క శ్రావణమాసం మా వైపు ఉండి, బీరువాలో పట్టుచీరకు పట్టిన బూజును చూసి, ఆ తరువాత ప్లాస్టిక్ గురించి మాట్లాడాలి.

ల్యాబ్‌కోటు:
రెండు వైపులా తెరిచి ఉన్న స్లీవ్ గురించి నేను మాట్లాడుతుంటే మూసిపెట్టానని మీరే ఊహించుకుంటున్నారు. బీరువాలో సిలికా జెల్, దాని పక్కన ఒక తేమమీటరు పెట్టుకోవాలి. జెల్ కుమ్మరించి తేమను 20 శాతం కిందికి దించితే ఫిల్ము చుట్టుకుపోతుంది, స్థిర విద్యుత్తు మళ్లీ మొదలవుతుంది కనుక మీటరు తప్పనిసరి. కలరా ఉండలు మాత్రం ఫిల్ము దగ్గర పెట్టవద్దు. ఇక ‘ఊదండి, ఆపండి’ అన్న సలహా సంగతి. బ్లోయర్‌తో ఊదితే జిడ్డు వేలిముద్ర పోతుందా? పోదు. మురికిని అలాగే ఉంచి దానికి గౌరవం అని పేరు పెట్టడం బద్ధకానికి భక్తి ముసుగు వేయడమే. ఒక ల్యాబు మీ పని పాడుచేసిందని అన్ని ల్యాబులనూ దొంగల లెక్కన చూడటం న్యాయం కాదు.

టెలిలెన్స్:
నీళ్లలో కడిగేస్తే జిడ్డు, బూజు, దుమ్ము అన్నీ ఒకేసారి పోవా?

పెన్సిల్‌పని (రాజమహేంద్రవరం):
బూజు పట్టిన జిలాటిన్ నీటిలో కరిగిపోయే స్థితికి వస్తుంది. కడిగితే బొమ్మే జారిపోతుంది. ఆ ఆలోచన మానండి.

నేను 1970లలో స్టూడియోలకు రీటచింగ్ చేసిన మనిషిని. ఇంతసేపు కవర్ల గురించి వాదించుకున్నారు గాని నెగటివ్ మీద ఏముందో చూశారా అని రెండోతరం గారిని ఎవరూ అడగలేదు. నెగటివ్‌ను దీపం ముందు ఏటవాలుగా పట్టి, మెరుపు లేని ఎమల్షన్ వైపు చూడండి. బుగ్గల మీద, కళ్ల కింద, నుదుటి మీద సన్నని కామాల వంటి గీతలు మిలమిలలాడతాయి. ముందు రీటచింగ్ మీడియం (పెన్సిల్ పట్టేలా చేసే ద్రవం) పలుచగా పూసి, అది ఆరాక, గరుకు కాగితం మీద సూదిలా అరగదీసిన గట్టి పెన్సిల్‌తో అవి గీసేవాళ్లం. నెగటివ్‌లో ఎక్కడ నలుపు చేరితే ప్రింటులో అక్కడ తెల్లబడుతుంది. మశూచి మచ్చలు, ముడతలు, కంటి కింది గుంటలు అలాగే కనబడకుండా పోయేవి. ఒక్క ముఖానికి అరపూట పట్టిన సందర్భాలు ఉన్నాయి. ఆల్కహాల్ తుడుపు ఒక్కసారి తిప్పితే మీడియంతో సహా అదంతా ఊడి వస్తుంది. పొడి బ్రష్‌తో గట్టిగా రుద్దినా చెదురుతుంది.

ఉప్పుగాలి:
మాస్టారూ, నాకు జరిగినది ఇదే. మా అమ్మకు చిన్నతనంలో మశూచి వచ్చింది. పెళ్లి సంబంధం కోసం తీయించిన ఫోటోలో, మా ఇంటి హాలులో దశాబ్దాలుగా ఉన్న ఆ ఫోటోలో, ఒక్క మచ్చ కూడా లేదు. పెద్ద ప్రింటు వేయించాలని నెగటివ్ ఇస్తే, ల్యాబువారు మమ్మల్ని అడగకుండానే ‘పూర్తిగా శుభ్రపరిచాం’ అని చెప్పి మచ్చలన్నీ ఉన్న ముఖాన్ని అందించారు. ఆ ప్రింటు గోడకు పెట్టవద్దని అమ్మ కచ్చితంగా చెప్పింది. ఇప్పుడు ఆ నెగటివ్ నుంచి పాత ఫోటోను ఎవరూ తిరిగి తీయలేరు. దుమ్ము పేరుతో ఏం తుడుస్తున్నారో తెలియనివారి చేతికి నెగటివ్ ఇవ్వకూడదన్నదే నా మాట.

ల్యాబ్‌కోటు:
మీ అమ్మగారిని అడగకుండా చేయడం తప్పు. అందులో వాదన లేదు. అయితే మచ్చలు ఆమె ముఖానివి, పెన్సిల్ స్టూడియోది. కెమెరా ముందు కూర్చున్న మనిషిని చూడాలనుకునేవారికి పెన్సిల్ కింద ఉన్నదే అసలు నెగటివ్. పెళ్లి ఫోటోల పేరుతో చామనఛాయ ఆడపిల్లలందరినీ తెల్లగా చేసి పంపిన చరిత్ర కూడా ఈ పెన్సిల్‌దే కదా. దానిని ఎందుకు కాపాడాలి?

పెన్సిల్‌పని:
చామనఛాయను తెల్లగా మార్చింది పెన్సిల్ కాదు. ముఖానికి పౌడరు, పెద్ద దీపాలు, ప్రింటు వేసేటప్పుడు తగ్గించిన ఎక్స్‌పోజర్ ఆ పని చేశాయి. ముఖం మొత్తాన్ని పెన్సిల్‌తో తెల్లబరచాలంటే మాకు నెల జీతం కూడా చాలదు. మచ్చల సంగతి వేరు. ఆ పిల్ల, ఆమె తల్లి వచ్చి కూర్చొని, ఏవి తీయాలో, ఏ పుట్టుమచ్చను ఉంచాలో చెప్పి వెళ్లేవారు. తన ముఖం ఎలా కనబడాలో ఆమె చెప్పిన మాట కూడా ఆ నెగటివ్ మీదనే ఉంది. మీ ఆల్కహాల్ తుడిచేది ఆ మాటను. కింద ఉన్న ముఖం కావాలంటే నెగటివ్‌ను వెలుతురుకు పట్టి చూసుకోండి, ఎవరూ అడ్డుపడరు.

ల్యాబ్‌కోటు:
ఆ అభిప్రాయంతో నేను ఏకీభవించను. కొనుగోలుదారు కోరిక, నెగటివ్ వాస్తవం వేరువేరు విషయాలు. రెండోతరం గారికి మాత్రం పని జరగాలి కనుక చెబుతున్నాను. ముందు అన్నింటినీ ఊది, ఉన్నవి ఉన్నట్టుగా స్కాన్ చేయండి. తరువాత పెన్సిల్ లేనివాటిని శుభ్రపరచండి. పెన్సిల్ ఉన్నవాటికి మెరిసే బేస్ వైపు మాత్రమే తుడవండి. వేలిముద్రలు ఎక్కువగా అటువైపే ఉంటాయి.

పెన్సిల్‌పని:
బేస్ వైపు కూడా చూసిన తరువాతే తుడవండి. విడి షీట్లలో కొన్నింటికి వెనుక కూడా జిలాటిన్ పూత ఉండేది. ముందువైపు పెన్సిల్ పట్టనప్పుడు వెనుక గీసేవాళ్లం.

రెండోతరం:
షీట్లు బయటికి తీసి దీపానికి పట్టి చూశాను. ముందువైపు చాలావాటికి పెన్సిల్ ఉంది, కొన్నింటికి వెనుక కూడా ఉంది. అవి నాన్నగారు గీసినవో, మాస్టారి వంటివారు ఎవరైనా వచ్చి గీసినవో ఇప్పుడు చెప్పేవారు లేరు. వాటికి బ్లోయర్ ఒక్కటే వాడతాను. పెన్సిల్ లేని గ్రూపు ఫోటోలకు ఆల్కహాల్ ప్రయత్నిస్తాను. బటర్ పేపర్ కవర్లు తీసేస్తున్నాను. వాటి బదులు ఏమి కొనాలో ఇంకా తేలలేదు.

ఉప్పుగాలి:
కాగితపు కవర్లు కొనండి.

ల్యాబ్‌కోటు:
పాలిప్రొపిలీన్ కొనండి, తేమమీటరుతో కలిపి.