కొత్త కెర్నెల్‌లో ఈథర్‌నెట్ రావట్లేదు

గాజువాక కుర్రాడు:
మా ల్యాప్‌టాప్‌లో లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ (కెర్నెల్ సెట్టింగులు తగ్గించే కమాండ్) చేసి లినక్స్ కెర్నెల్, అంటే సిస్టమ్ మూల ప్రోగ్రామ్, బిల్డ్ చేశా. అదే కాలేజీ ల్యాబ్ పీసీలో వేస్తే బూట్ అవుతోంది గానీ, లూప్‌బ్యాక్ (మెషీన్ తనతో తానే మాట్లాడుకునేది) తప్ప ఇంకో ఇంటర్‌ఫేస్ లేదు. కార్డు రియల్‌టెక్ 8168. డ్రైవర్‌కి ఎం (విడి మాడ్యూల్) పెట్టాలా, వై (కెర్నెల్‌లోనే కలిపేయడం) పెట్టాలా అన్నా?

మద్దిలపాలెం:
తిరకాసు అక్కడే ఉంది తమ్ముడూ. లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ ఆ క్షణాన లోడై ఉన్న మాడ్యూల్సే ఉంచి మిగతావి తీసేస్తుంది. మీ ల్యాప్‌టాప్‌లో ఆ కార్డు లేకపోతే ఆర్8169 డ్రైవర్ ఎగిరిపోయినట్టే. 8168కి కూడా డ్రైవర్ అదే. ల్యాబ్ పీసీని పాత కెర్నెల్‌తో బూట్ చేసి, ఎల్ఎస్‌మాడ్ (లోడైన మాడ్యూల్స్ జాబితా చూపే కమాండ్) అవుట్‌పుట్‌ని ఫైల్లోకి తీసి, మళ్ళీ మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ కొట్టేటప్పుడు ఎల్ఎస్‌మాడ్ వేరియబుల్‌లో ఆ ఫైలు ఇయ్యి.
చేత్తో పెట్టాలంటే మెనూకాన్ఫిగ్‌లో (కెర్నెల్ సెట్టింగుల మెనూ) వరుసగా డివైస్ డ్రైవర్స్, నెట్‌వర్క్ డివైస్ సపోర్ట్, ఈథర్‌నెట్ డ్రైవర్ సపోర్ట్‌లోకి వెళ్ళు. ముందు "రియల్‌టెక్ డివైసెస్" ఆన్ చెయ్యి, అది ఆఫ్‌లో ఉంటే కింద డ్రైవర్ అసలు కనపడదు.

సీతమ్మధార:
ఎం పెట్టండి. ముఖ్యంగా ఇంటెల్ వైఫైకి వై వద్దు: రూట్ (సిస్టమ్ ఫైళ్ళున్న డిస్క్) మౌంట్ కాకముందే దాని డ్రైవర్ ఐడబ్ల్యూఎల్‌వైఫై ఫర్మ్‌వేర్ (కార్డులోకి ఎక్కించే ప్రోగ్రామ్ ఫైలు) అడుగుతుంది, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌లో (బూట్ మొదట్లో వాడే చిన్న ఫైల్ సిస్టమ్) ఆ ఫైలు లేకపోతే డీమెసేజ్‌లో (కెర్నెల్ లాగ్) ఎర్రర్ -2, అంటే ఫైలు దొరకలేదని, పడుతుంది. ఎం పెట్టాక మేక్ మాడ్యూల్స్_ఇన్‌స్టాల్ మర్చిపోవద్దు. యూనేమ్ -ఆర్ చూపే కెర్నెల్ వెర్షన్ పేరుతో లిబ్ మాడ్యూల్స్‌లో ఫోల్డర్ లేకపోతే, మాడ్యూల్స్ లోడ్ చేసే మోడ్‌ప్రోబ్‌కి ఏమీ దొరకదు.