రిపోర్టులో 88 అని ఉంది, పక్కన 21 అని ఉంది. ఏది నమ్మాలి?

గడపదగ్గర:
సాయంత్రం నుంచి మా బాబు తెలివితేటల పరీక్ష (ఐక్యూ) రిపోర్టు ముందేసుకుని కూర్చున్నాను. తొమ్మిది పేజీలు. ఒక్క ముక్క బుర్రకెక్కితే ఒట్టు. మొత్తం స్కోరు 88 అట, పక్కనే 21 అని ఇంకో అంకె. అంటే నూటికి 21 మార్కులా? చివర "సగటు కంటే కొంచెం తక్కువ, శ్రద్ధ పెంచాలి" అని రెండు వాక్యాలు. ఈమాత్రం దానికి పరీక్ష ఎందుకు? బాబు నోటిలెక్కలు టకటకా చెప్తాడు, పుస్తకం తెరిస్తే ఏడుపు. బళ్లో బద్ధకం అంటున్నారు. డిస్లెక్సియా, అదే చదవడం, రాయడం కష్టమయ్యే చిక్కు, వీడికి ఉందా లేదా? అదొక్కటి చెప్పండి చాలు.

ముక్కుసూటి:
వయసెంత? ఏ పరీక్ష? ఏ భాషలో చేశారు?

కొలబద్ద:
ముందు ఆ 21 సంగతి. అవి మార్కులు కావండీ, పర్సంటైల్. అదే వయసు పిల్లల్ని వందమందిని వరసగా నిలబెడితే, ఇరవై ఒక్కమంది మీవాడి స్థాయిలోనో అంతకంటే కిందో ఉంటారు, మిగతావాళ్లు పైన. 88 అన్నా 21 అన్నా చెప్పేది ఒకటే, కొలమానాలు రెండు. ఈ పరీక్షల్లో సగటు 100, 85 నుంచి 115 మధ్యలో దాదాపు మూడింట రెండొంతుల మంది పిల్లలు పడతారు. కాబట్టి ఫెయిలు, పాసు అన్న మాటే లేదు.

ఇంకోటి. 88 పక్కన బ్రాకెట్లో 83–94 లాంటిది ఏదైనా ఉందేమో చూడండి. పిల్లవాడి అసలు స్థాయి ఆ రెంటి మధ్య ఎక్కడైనా ఉండొచ్చని దానర్థం. ఆ పరిధి వదిలేసి ఒట్టి 88 పట్టుకుని ఎవరు మాట్లాడినా పట్టించుకోకండి.

అసలు సంగతి మొత్తం స్కోరులో ఉండదు. లోపల ఐదు విభాగాల పట్టిక ఉంటుంది, అది ఇక్కడ పెట్టండి. పేరు, పుట్టినతేదీ చెరిపేసి పెట్టండి.

పలకాబలపం:
పర్సంటైల్ ఎందుకండీ, "శతాంశం" అని నిక్షేపంలాంటి మాట ఉండగా? ఐక్యూకి "ప్రజ్ఞాలబ్ధి" ఉంది. మనమే వాడకపోతే ఈ మాటలు పాఠ్యపుస్తకాల్లోనే చచ్చిపోతాయి.

ముక్కుసూటి:
శాతం, శతాంశం. పోస్టు పెట్టినవారు పడ్డ గొయ్యి సరిగ్గా అదే. మళ్లీ అందులోకే తోస్తారా?

చెవీకన్నూ:
ఐక్యూల దాకా వెళ్లకముందే అడగాల్సినవి ఇక్కడ ఎవరూ అడగలేదు. చూపు, వినికిడి పరీక్షలు అయ్యాయా? "గోడమీద చార్టు చదివాడు, కళ్లు బాగున్నాయి" అంటే కుదరదు. ఆరు మీటర్ల చార్టు దూరపు చూపునే చెబుతుంది. పుస్తకం చదవడానికి కావలసింది దగ్గరి చూపు, పైగా రెండు కళ్లూ కలిసి ఒకేచోట నిలబడాలి. ప్లస్ పవర్ ఉన్న పిల్లలు కంటి కండరాల్ని బిగబట్టి కాసేపు బాగానే చదువుతారు, తర్వాత తలనొప్పి, అక్షరాలు మసక. చుక్కల మందు వేసి ఆ కండరాన్ని సడలించి చూస్తేనే అసలు పవర్ బయటపడుతుంది.

చెవి సంగతీ అంతే. జలుబు చేసినప్పుడల్లా మధ్యచెవిలో నీరు చేరే పిల్లలకి వినికిడి ఒక వారం ఉంటుంది, ఒక వారం తగ్గుతుంది. ఇంట్లో పిలిస్తే పలుకుతాడు, అరుపులు గోలల క్లాసులో మాత్రం "ప"కీ "త"కీ తేడా వినపడదు. వెనక నుంచి చప్పట్లు కొట్టి చూడటం వినికిడి పరీక్ష కాదు. ఒక్కో చెవికి విడివిడిగా ఆడియోగ్రామ్, దాంతోపాటు కర్ణభేరి కదలిక చూసే పరీక్ష, రెండూ కావాలి. ఈ రెండూ తేలకుండా రాసిన మానసిక పరీక్ష రిపోర్టుకి నేను విలువ ఇవ్వను. అలాగని కంటి వ్యాయామాలతో డిస్లెక్సియా పోతుందని అమ్మేవాళ్ల దగ్గరికీ వెళ్లకండి. అది కంటి జబ్బు కాదు.

గడపదగ్గర:
కళ్లు, చెవులు రెండూ పోయినేడాది చూపించాం, బాగానే ఉన్నాయి. పరీక్ష పేరు విస్క్ 5. ఎనిమిదేళ్లు. పట్టిక ఇదీ:
భాష 78, దృశ్యం 105, తర్కం 103, జ్ఞాపకం 85, వేగం 86.
ఏ భాషలో అని ఎందుకడుగుతున్నారో తెలీదు. ఇంగ్లిషులోనే కదా చేస్తారు. బడి కూడా ఇంగ్లిష్ మీడియమే, ఇంట్లో తెలుగే మాట్లాడతాం.

ముక్కుసూటి:
అందుకే అడిగింది.

కొలబద్ద:
ఇప్పుడు రిపోర్టు మాట్లాడుతోంది. 105కీ 78కీ మధ్య 27 పాయింట్లు. విభాగాల మధ్య తేడా 23 దాటితే మొత్తం స్కోరుని ఒకే అంకెగా చదవడం మంచిది కాదని చాలామంది నిపుణులు అంటారు. వేడినీళ్లూ చన్నీళ్లూ కలిపి గోరువెచ్చగా ఉందన్నట్టే ఈ 88. ఆ రెండు వాక్యాల ముగింపు దాని మీద రాసిందే అయితే వృథా.

78 ఎందుకొచ్చిందో చూడండి. ఆ విభాగంలో ఉండేవి రెండే: రెండు వస్తువులకు పోలిక చెప్పమనడం, మాటకి అర్థం చెప్పమనడం. జవాబు నోటితో, ఇంగ్లిషులో చెప్పాలి. వరుసగా మూడు పోతే ఆ ఉపపరీక్ష అక్కడితో ఆపేస్తారు. పోలిక మనసులో తట్టినా మాట దొరక్క మూడుసార్లు నీళ్లు నమిలితే, తర్వాతి ప్రశ్నలు వాడిదాకా రానేరావు. అప్పుడు 78 అన్నది ఆలోచన లోటుకి కొలతా, ఇంగ్లిష్ లోటుకి కొలతా? ఈ ఒక్క పరీక్షతో తేలదు.

పరీక్ష చేసినవారిని "నాన్ వెర్బల్ ఇండెక్స్ లెక్కకట్టారా?" అని అడగండి. నోటితో జవాబు చెప్పక్కర్లేని ఆరు ఉపపరీక్షలతో వచ్చే స్కోరది. ఆ ఆరూ ఈ పరీక్షలోని పది ముఖ్య ఉపపరీక్షల్లోవే, కాబట్టి పదీ చేసి ఉంటే పిల్లవాణ్ని మళ్లీ కూర్చోబెట్టక్కర్లేదు, పట్టిక తీసి కూడితే చాలు. సూచనలు మాత్రం మాటల్లోనే ఇస్తారు, అవి అర్థమయ్యాయా అన్నది కూడా అడగండి.

పాతకాపు:
జనరల్ ఎబిలిటీ ఇండెక్స్ అడిగితే ఇంకా నయం. అది జ్ఞాపకం, వేగం విభాగాలు తీసేసి కట్టే స్కోరు.

కొలబద్ద:
ఇక్కడ పనికిరాదు. అందులో ఐదు ఉపపరీక్షలు, రెండు మళ్లీ ఆ భాషవే. ముల్లు ఉన్నచోటే ఉంటుంది.

పాతకాపు:
సరే. కానీ తర్కం 103, భాష 78. తెలివి ఉంది, చదువు రాదు. ఆ తేడాయే డిస్లెక్సియా. పైగా 78కి దిగువన ఉంటే ఉన్నట్టేనని డీఎస్ఎమ్‌లోనే, అదే మానసిక సమస్యల్ని నిర్ధారించడానికి డాక్టర్లు వాడే పుస్తకంలోనే ఉంది.

ముక్కుసూటి:
రెండూ తప్పే. ఐక్యూకీ చదువుకీ తేడా చూసే పద్ధతిని 2013లో డీఎస్ఎమ్-5 వదిలేసింది. ఆ 78 చదవడం, రాయడం, లెక్కల పరీక్షల స్కోరుకి. విస్క్‌లో భాషా విభాగానికి కాదు.

కొలబద్ద:
ముక్కుసూటి గారి మాట కటువుగా ఉన్నా నిజమే. గడపదగ్గర గారూ, మీ అసలు ప్రశ్నకి జవాబు: ఈ రిపోర్టు నుంచి డిస్లెక్సియా ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం. విస్క్‌లో పిల్లవాడు ఒక్క వాక్యం కూడా చదవడు. చదవనివ్వని పరీక్షతో చదువు కష్టాన్ని ఎలా తేలుస్తారు?

కావలసినవి వేరు. విడివిడి పదాలు తప్పుల్లేకుండా చదవడం. అర్థంలేని పదాలు చదవడం (బట్టీ పట్టి గుర్తుపట్టే పిల్లలు ఇక్కడే దొరికిపోతారు). నిమిషానికి ఎన్ని పదాలు. చెప్పింది రాయడం. మాటలోని ధ్వనుల్ని విడదీసి కలపడం. రంగుల, అంకెల పేర్లు ఆగకుండా వరసగా చెప్పగల వేగం. వీటితోపాటు ఒక పేరా వాడే చదివితే ఎంత అర్థమైంది, అదే స్థాయి పేరా మనం చదివి వినిపిస్తే ఎంత అర్థమైంది. వింటే అర్థమై, చదివితే అర్థం కాకపోతే చిక్కు అక్షరం దగ్గర ఉంది. రెండింట్లోనూ అర్థం కాకపోతే చిక్కు భాషలో ఉంది. సాయం రెంటికీ ఒకటి కాదు. ఆపైన, గురిపెట్టి నేర్పించినా కనీసం ఆరునెలలు ఆ కష్టం కొనసాగిందా అన్నదీ చూస్తారు. ఆ నేర్పిన వివరాలు బడి నుంచి కాగితం మీద తీసుకోండి.

జ్ఞాపకం 85 చూసి ఎవరైనా ఏకాగ్రత లోపం అంటే ఆగమనండి. దానికి తొమ్మిదిలో ఆరు లక్షణాలు, ఇంట్లోనూ బళ్లోనూ, ఆరునెలలపాటు కనపడాలి. తల్లిదండ్రులు, టీచరు విడివిడిగా ప్రశ్నావళి నింపాలి.

అక్షరాలసంచి:
మీరు చెప్పినవన్నీ ఇంగ్లిషులో చేస్తే మళ్లీ మొదటికే వస్తాం. తెలుగులోనూ చదివించి చూడాలి. ఇంగ్లిష్ పుస్తకాల్లో రాసినట్టు "బి"ని "డి"గా తిప్పి రాస్తున్నాడా అని వెతక్కండి, ఏడేళ్లలోపు అది మామూలే. తెలుగులో తప్పులు వేరేచోట పడతాయి. ఒత్తు వదిలేయడం: "పుస్తకం"ని "పుసకం" అని. గుణింతంలో దీర్ఘం ఎగిరిపోవడం. "ప, ఫ, ష" ఒకటి, "మ, య" ఒకటి అయిపోవడం. మన లిపిలో అక్షరమంటే ఒక ధ్వని కాదు, హల్లూ అచ్చూ ఒత్తూ కలిసిన కట్ట. అందుకే "క కా కి కీ" పాటలా వల్లించిన పిల్లవాడు కూడా "కీ"ని మధ్యలో ఒంటరిగా చూపిస్తే తడబడతాడు. వరస తప్పించి చూపండి, అప్పుడు తెలుస్తుంది.

జ్ఞాపకం 85 మీద ఒక్క మాట. అందులో అంకెలు విని తిరిగి చెప్పడం ఉంటుంది. నైన్ ఒక్క గుక్క, తొమ్మిది మూడక్షరాలు, ఎనిమిది నాలుగు. పలకడానికి ఎక్కువసేపు పట్టే మాటలు తక్కువ గుర్తుంటాయి. వెల్ష్, ఇంగ్లిష్ రెండూ వచ్చినవాళ్ల మీద 1980లో అచ్చయిన పరిశోధన చెప్పింది అదే. పిల్లవాడు లోలోపల తెలుగులోకి మార్చుకుంటే ఒకటి రెండు అంకెలు జారిపోవడం పెద్ద వింత కాదు.

పాతకాపు:
అయితే పరీక్ష చేసేవారే ప్రశ్నల్ని తెలుగులో అడిగేస్తే పోలా?

అక్షరాలసంచి:
పోదు. ఇంగ్లిషులో కష్టమైన మాట తెలుగులో వంటింటి మాట కావచ్చు, దాని తలకిందులూ జరగొచ్చు. తేలిక నుంచి కష్టానికి పేర్చిన వరస చెడిపోయాక, ఆ వరస మీద కట్టిన స్కోరు పట్టిక దేనికీ సరిపోదు. పిల్లవాడి తీరు తెలుసుకోవడానికి చివర్లో తెలుగులో అడిగి, అలా అడిగామని రిపోర్టులో రాస్తే మంచిదే. స్కోరు మాత్రం కట్టకూడదు.

గడపదగ్గర:
ఇంగ్లిష్ రావడం లేదనుకుంటే మరి మెరుగెలా పడ్డాడు? నాలుగు నెలల కిందట వేరేచోట ఇదే పరీక్ష చేయిస్తే 82 వచ్చింది. ఇప్పుడు 88. అదొక్కటే ఊరట మాకు.

ముక్కుసూటి:
ఇది మొదటి పోస్టులో రాయాల్సింది.

కొలబద్ద:
అయ్యో. అది మెరుగు కాకపోవచ్చండీ. కొద్ది వారాల తేడాతో రెండోసారి కూర్చున్న పిల్లలకి మొత్తం స్కోరు సగటున ఐదారు పాయింట్లు పెరుగుతుంది, ఏమీ నేర్చుకోకపోయినా. దృశ్య విభాగంలోని దిమ్మెలు పేర్చడం, బొమ్మముక్కలు కలపడం లాంటివాటిలో పద్ధతి గుర్తుండిపోతుంది. మాటల అర్థాల్లో ఆ లాభం తక్కువ. పైగా 82కీ 88కీ ఉన్న పరిధులు ఒకదాని మీదొకటి పడతాయి. అంటే మీ 105 కొంత ఉబ్బినది కావచ్చు, 27 తేడాలో కొంత దానివల్లే రావొచ్చు. అందుకే ఇదే పరీక్ష మళ్లీ చేయడానికి కనీసం ఏడాది, వీలైతే రెండేళ్లు ఆగుతారు.

రెండో చోట మొదటిదాని సంగతి చెప్పారా? చెప్పకపోతే ఇప్పుడు చెప్పండి, దాచకండి. ఆ పాత రిపోర్టులోని ఐదు విభాగాల పట్టిక తీయండి. రెంటిలో నమ్మదగ్గది మొదటిదే. మూడోసారి విస్క్ మాత్రం ఇప్పుడు వద్దు. అడగాల్సింది చదవడం, రాయడం పరీక్షలు, రెండు భాషల్లో. పొద్దుటిపూట, నిద్ర చాలినరోజు, రెండు విడతలుగా. ఇంట్లో తర్ఫీదు ఇవ్వకండి. "కొన్ని తేలిక, కొన్ని కష్టం, అన్నీ ఎవరికీ రావు" అని మాత్రం చెప్పి పంపండి.

పలకాబలపం:
ఇందాకటి నుంచి అందరూ "లోపం" అంటున్నారు. "అభ్యసన వైకల్యం" సరైన పదం.

చెవీకన్నూ:
పిల్లవాడి ముందు వైకల్యం అంటారా? "ఇబ్బంది" అనండి.

పలకాబలపం:
ఇబ్బంది అంటే సాయం చేసేవాళ్లు "ఓ, ఇబ్బందేగా" అని పక్కన పెడతారు. కాగితం మీద వైకల్యం అనే ఉండాలి.

చెవీకన్నూ:
కాగితం మీద సరే, ఇంట్లో?

గడపదగ్గర:
పాత రిపోర్టు దొరికింది. అందులో భాష 77, దృశ్యం 97. రేపు ఫోన్ చేసి అడుగుతాను. థాంక్స్.

కొత్తచేరిక:
మా పాపకి నాలుగున్నర. అక్షరాలు గుర్తుపట్టడం లేదు. ఈ విస్క్ ఇప్పుడే చేయించొచ్చా?

ముక్కుసూటి:
కుదరదు. ఆరేళ్లు నిండాలి. చెవి పరీక్ష చేయించండి.