ఎదురుగా సముద్రం ఉంటే పాండిచ్చేరి వాళ్లు ఇంగ్లీషోడి ఉప్పు ఎందుకు కొన్నారు?

అలిపిరి కుర్రోడు:
పోయిన నెల ఫ్రెండ్స్ నలుగురం కార్లో పాండిచ్చేరి వెళ్లొచ్చాం. ఊరు చూసుకుని కడలూరు దాకా పోదామని బయల్దేరితే పుదుచ్చేరి అని బోర్డు, కాసేపటికి తమిళనాడు అని బోర్డు, మళ్లీ పుదుచ్చేరి. అవే వరి మళ్లు, అవే కొబ్బరి చెట్లు, మారేదల్లా వైన్ షాపులు. తిరిగొచ్చేటప్పుడు మన బోర్డర్ చెక్‌పోస్టులో డిక్కీ తెరిపించారు, మావాడు తువ్వాల్లో చుట్టి పెట్టుకున్న సీసాలు అక్కడే ఉండిపోయాయి, అది వేరే కథ.

నా డౌటు ఏంటంటే, ఇప్పుడు ఒకే దేశంలోనే ఇంత తంటా ఉంటే, అటు ఫ్రెంచోడు ఇటు ఇంగ్లీషోడు ఉన్న రోజుల్లో ఈ ముక్కల బోర్డర్‌కి ఎలా కాపలా కాశారు? మేం దిగిన లాడ్జిలో ఒక పెద్దాయన 'ఫ్రెంచి కాలంలో ఇక్కడ ఉప్పు పండించకూడదు, ఇంగ్లీషు వాళ్లిచ్చిందే తినాలి' అన్నాడు. ఎదురుగా సముద్రం పెట్టుకుని ఉప్పు కొనుక్కోవడం ఏంటి? తెలిసినవాళ్లు చెప్పండి.

చిత్తూరు మేష్టారు:
ఆయన చెప్పింది నిజమే బాబూ. ముందు ఆ ముక్కల సంగతి చెప్తాను, ఎందుకంటే దాని మొదలు మన పాకాల పక్కనే ఉంది. దామలచెరువు అంటే ఇప్పుడు అందరికీ మామిడికాయల మండీనే గుర్తొస్తుంది కానీ, 1740లో మరాఠాలు ఆర్కాటు నవాబు దోస్త్ అలీని చంపింది ఆ కనుమలోనే. నవాబు కుటుంబం, ఆయన అల్లుడు చందా సాహెబ్ భార్యాబిడ్డలు పాండిచ్చేరిలో తలదాచుకున్నారు. వాళ్లను అప్పగించమని మరాఠా సేనాని రఘోజీ భోంస్లే బెదిరించినా ఫ్రెంచి గవర్నర్ డ్యూమా ఒప్పుకోలేదు. ఆ మేలు చందా సాహెబ్ మర్చిపోలేదు, 1749లో ఆంబూరు దగ్గర గెలిచాక విల్లియనూరు, దాని చుట్టుపక్కల ఊళ్లు ఫ్రెంచి వాళ్లకు రాసిచ్చాడు. (ఉత్త కృతజ్ఞతే కాదు లెండి, ఆ యుద్ధంలో ఫ్రెంచి సైన్యం ఆయన పక్కన నిలబడింది.) నవాబులు ఊళ్లు ఇచ్చేటప్పుడు మ్యాపు మీద గీత గీసి ఇవ్వరు కదా, ఈ ఊరి శిస్తు నీది, ఆ ఊరి శిస్తు నీది అని ఇస్తారు, నడుమ ఊరు ఇంకొకడిదైతే అది అలాగే ఉండిపోతుంది. శిస్తు కోసం రాసుకున్న ఆ లెక్కే తర్వాత రెండు దేశాల సరిహద్దయి కూర్చుంది.

ఇక ఉప్పు. 1805 నుంచి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉప్పు మొత్తం కంపెనీ గుత్త. మడుల్లో పండిందంతా కంపెనీకే ఇవ్వాలి, కంపెనీ చెప్పిన రేటుకే జనం కొనాలి. అప్పట్లో పాండిచ్చేరి కూడా ఇంగ్లీషు వాళ్ల చేతిలోనే ఉంది, 1793లోనే పట్టుకున్నారు, కాబట్టి పేచీ లేదు. నెపోలియన్ ఓడాక 1814లో పారిస్ ఒప్పందం ప్రకారం ఆ ఊళ్లు తిరిగి ఇచ్చేయాల్సి వచ్చింది. కోటలు కట్టకూడదు, పోలీసు పనికి కావలసినంత మందిని మించి సైన్యం పెట్టుకోకూడదు అని షరతు పెట్టారు. దాంతో ఫిరంగుల భయం పోయింది, ఉప్పు భయం మిగిలింది. పన్ను కట్టని ఉప్పు బస్తా ఒక్క పొలం గట్టు దాటితే చాలు, కంపెనీ రేటుకి గండి పడినట్టే.

అందుకే 1815 మార్చి 7న లండన్‌లో ఇంకో ఒప్పందం రాసుకున్నారు. ఫ్రెంచి ఊళ్లలో పండే ఉప్పులో అక్కడి జనం వాడకానికి పోగా మిగిలిందంతా ఇంగ్లీషు వాళ్లే కొంటారు, ఆ హక్కు కోసం ఫ్రెంచి ప్రభుత్వానికి ఏడాదికి 4 లక్షల సిక్కా రూపాయలు ఇస్తారు. అదీ చాలక 1818లో అసలు ఉప్పు పండించడమే ఆపించేశారు. మడుల యజమానులకు పరిహారం కింద ఏడాదికి 4,000 స్టార్ పగోడాలు, అంటే వరహాలు. వరహా మూడున్నర రూపాయలు వేసుకుంటే 14,000. అప్పట్నుంచి పాండిచ్చేరి జనానికి ఉప్పు ఇచ్చింది ఇంగ్లీషు వాళ్లే, ఫ్రెంచి వాళ్లు దాన్ని పక్క ఇంగ్లీషు ఊళ్ల రేటుకు దగ్గరగా అమ్మాలి. రేటులో తేడా లేనప్పుడు అర్ధరాత్రి బస్తా మోసేవాడికి ఏం మిగులుతుంది? నువ్వడిగిన కాపలా అదే బాబూ. గట్టు మీద మనిషిని నిలబెట్టడం కంటే గట్టు అవతల మడి మూయించడం చవక.

కోనసీమ కోడలు:
మేష్టారు గారూ, బోర్డర్ దాటింది ఉప్పొక్కటే కాదండి, పెళ్లిళ్లు కూడా. మాది యానాం పక్క ఊరు, పెళ్లయ్యాక తిరుపతి వచ్చాను. శారదా చట్టం 1930 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చాక ఇంగ్లీషు వైపు చిన్నపిల్లలకు పెళ్లి చేస్తే కేసు. యానాం ఫ్రెంచి వాళ్లది, అక్కడ ఆ చట్టం లేదు. బళ్లు కట్టుకుని గోదావరి జిల్లాల నుంచి వచ్చి, తాళి కట్టించుకుని వెళ్లిపోయేవారు. యానాంని కల్యాణపురం అన్నది అందుకే. మా తాతమ్మ పెళ్లి కూడా అక్కడే, ఆవిడకి అప్పుడు తొమ్మిదేళ్లట. మా ఇంట్లో ఇదేదో గొప్ప తెలివైన పనిలా చెప్పుకుంటారు, నాకు మాత్రం వినబుద్ధి కాదు.

ఊరికే చదివేవాణ్ని:
మేష్టారూ, ఏమీ అనుకోకండి. 4 లక్షలు ఫ్రెంచి ఖజానాకి, 4,000 వరహాలు మడుల యజమానులకి, సరే. మడిలో మోకాలి దాకా దిగి ఉప్పు గోకిన కూలోడి సంగతేంటి? మీరు 'చవక' అన్నారు, ఎవరికి చవక? ఇద్దరు దొరలు కూర్చుని మూడోవాడి కంచంలో అన్నం పంచుకున్నారు, దానికి దౌత్యం అని మంచి పేరు పెట్టాం.

చిత్తూరు మేష్టారు:
దొరలకే చవక నాయనా, ఒప్పుకుంటాను. పరిహారం యజమాని గడప దగ్గరే ఆగింది. నేను మెచ్చుకుని చెప్పలేదు, ఎలా జరిగిందో చెప్పాను.

పలమనేరు బస్సు:
ఈ కిటుకు పాండిచ్చేరితో ఆగలేదు. 1878 డిసెంబర్‌లో పోర్చుగల్‌తో గోవా విషయంలో ఇలాంటిదే రాసుకున్నారు. గోవా ఉప్పు మీద పెత్తనం ఇంగ్లీషు వాళ్లది, బదులుగా ఏడాదికి మళ్లీ అదే 4 లక్షల రూపాయలు, అమల్లోకి వచ్చిన నాటి నుంచి గడువు 12 ఏళ్లు. 1892 జనవరిలో గడువు తీరింది, పొడిగించలేదు. మార్మగోవా రైలు మార్గం ఆ ఒప్పందం పుణ్యమే.

కాపలా కాసి చూడలేదా అంటే, చూశారు, అదీ మామూలుగా కాదు. ఉత్తరాన సింధు నది వైపు నుంచి మహానది దాకా 2,300 మైళ్లకు పైగా సుంకం లైను వేసి, 12,000 మంది దాకా మనుషుల్ని పెట్టారు, చాలా చోట్ల ముళ్లకంచె బతికున్న చెట్లతోనే పెంచారు, తుమ్మ, రేగు, వాక్కాయ, నాగజెముడు, ఏ నేలకి ఏది పడితే అది. ఆ కంచెను దగ్గరుండి పెంచినవాళ్లలో ఒకాయన ఏ.ఓ. హ్యూమ్, తర్వాత కాంగ్రెస్ పెట్టిన హ్యూమే. ఆ లైను ఎవరి ఉప్పు ఆపడానికో తెలుసా? రాజస్థాన్ సంస్థానాల ఉప్పుతో పాటు మన మద్రాసు ఉప్పు కూడా, ఎందుకంటే బెంగాల్ వైపు పన్ను మనకంటే ఎక్కువ. అంటే ఒకే కంపెనీ, ఒకే రాణి, ఇంట్లోనే స్మగ్లింగ్! చివరికి ఉప్పు పండే సాంభర్ సరస్సును జైపూర్, జోధ్‌పూర్ రాజుల దగ్గర లీజుకు తీసుకుని, మిగతా సంస్థానాలకూ డబ్బిచ్చి మడులు మూయించి, రేట్లు దగ్గరికి తెచ్చాక 1879లో లైను ఎత్తేశారు.

మా వైపు కర్ణాటక మందు టెట్రా ప్యాకెట్ల కథ తెలిసిందే కదా. ఇక్కడ మందు రేట్లు మండిపోయిన రోజుల్లో వి.కోట, కుప్పం దారుల్లో ఎన్ని చెక్‌పోస్టులు పెట్టినా బైకులు పొలాల్లోంచి పోయేవి. రోడ్డు మీద దొరికేది మాత్రం అలిపిరి కుర్రోడి ఫ్రెండు లాంటి అమాయకులు.

అలిపిరి కుర్రోడు:
మావాడు ఇది చదివి 'ఒప్పందం ప్రకారం నాకు పరిహారం ఎంత' అంటున్నాడు 😀 మేష్టారూ, చాలా థాంక్స్ అండి. దామలచెరువు మీదుగా వందసార్లు పోయుంటాను, ఒక్కసారి కూడా తెలీదు. ఆ యుద్ధం జరిగిన చోట చూడ్డానికి ఏమైనా ఉందా?

చిత్తూరు మేష్టారు:
కొండలు, కనుమ, రోడ్డు. నాకు కనిపించింది అంతే. యుద్ధం జరిగింది కూడా మే నెలలోనే, ఆ రోజుల్లోనే వెళ్లు, మండీలో కాయలైనా దొరుకుతాయి. వాటికి చెక్‌పోస్టులో డిక్కీ తెరిపించినా భయం లేదు.