డంకర్క్ పడవలు: ఇనుమంతా మార్చేశాక అది పాత పడవేనా?

టేమ్స్_రవి:
మేం కెంట్‌లో ఉంటాం. మొన్న ఆదివారం గిల్లింగ్‌హామ్ పీర్ దగ్గర మెడ్‌వే క్వీన్ చూసొచ్చాను. 1924లో స్కాట్లాండ్‌లో కట్టిన స్టీమరు, పక్కన పెద్ద చక్రాలతో నడిచే రకం. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు చుట్టుముట్టిన సైనికుల్ని, 1940 మే 26 నుంచి జూన్ 4 వరకు, ఫ్రాన్స్ తీరంలోని డంకర్క్ నుంచి 3,38,226 మందిని ఇంగ్లండుకు చేర్చారు కదా, అందులో సుమారు 7,000 మందిని ఏడు ట్రిప్పుల్లో ఇదొక్కటే తెచ్చింది. యుద్ధం తర్వాత కొన్నాళ్ళు క్లబ్బుగా నడిచింది, ఆ తర్వాత మునిగింది, బురదలో తుప్పు పట్టింది. చివరికి బ్రిస్టల్‌లో బాగుచేసి 2013లో వెనక్కి తెచ్చారు. బ్రిటన్ జాతీయ లాటరీ నిధి నుంచే 18 లక్షల పౌండ్లకు పైగా వచ్చాయట.

ఓడ పక్క రేకు మీద చెయ్యి పెట్టి నిలబడితే ఒళ్ళు జలదరించింది. ఆ పక్కనే ఉన్న వాలంటీరు పెద్దాయన నవ్వి, "ఇంజను పాతదే, నువ్వు పట్టుకున్న ఇనుము మాత్రం కొత్తది" అన్నాడు. ఓడ పొట్ట మొత్తం కొత్తగా కట్టారట. ఇప్పుడు ఆ జలదరింపుని ఏం చేసుకోవాలో తెలీడం లేదు. మీరేమంటారు?

దస్త్రం:
అనడానికేముంది? అది నమూనా. మంచి నమూనా, కాదనను. కానీ డంకర్క్ వెళ్ళింది అది కాదు. అసలైనది చూడాలంటే టామ్‌జీన్ ఉంది. డంకర్క్ వెళ్ళొచ్చిన, 15 అడుగులు కూడా లేని చేపల పడవ. ఇంపీరియల్ వార్ మ్యూజియం వాళ్ళు దాన్ని ఉన్నదున్నట్టు ఉంచారు. పాత పడవంటే అదీ.

విశాఖ_శ్రీను:
మన కుర్సురా జలాంతర్గామిని 2002లో బీచ్‌లో పెట్టారు. ఇప్పటికీ టికెట్ల కోసం క్యూ ఉంటుంది. పాత విమానవాహక నౌక విక్రాంత్‌ని మాత్రం 2014లో ముక్కలు చేసి, ఆ ఇనుముతో బైకులు చేసి అమ్మారు. నమూనా అయినా మిగిలితే అదే పదివేలు.

కోరంగి_మేస్త్రి:
దస్త్రం గారూ, మీరు ఎప్పుడైనా చెక్క పడవ మీద పని చేశారా? నేను చేశాను, మా నాన్న చేశాడు, తాత చేశాడు. చెక్క పడవ నీళ్ళలో ఉంటేనే బతుకుతుంది. ఒడ్డున పెట్టి ఏసీ వేశారనుకోండి, పలకలు ఎండి ముడుచుకుంటాయి, సందులు విచ్చుకుంటాయి. సందుల్లో కూరిన నూలూ గుగ్గిలమూ రాలిపోతాయి. పైకి పడవలాగే కనిపిస్తుంది, నీళ్ళలో దించితే గంటలో మునిగిపోతుంది. పలక పుచ్చితే పలక, కర్ర పుచ్చితే కర్ర మార్చుకుంటూ పోవడమే పడవకి సహజం. పదేళ్ళ పడవలో కూడా మొదటి రోజు చెక్క సగమే ఉంటుంది. దాన్ని నమూనా అంటారా?

ఇంకో మాట. మెడ్‌వే క్వీన్ రేకుల్ని వెల్డింగు చేయకుండా, పాత పద్ధతిలో రివెట్లు కొట్టి బిగించారు. ఆ దేశంలో యాభై ఏళ్ళకు పైగా ఎవరూ ఓడ పొట్టని అలా కట్టలేదట. పిల్లలు ఆ పని మళ్ళీ నేర్చుకున్నారు. అది లెక్కలోకి రాదా?

దస్త్రం:
నేను అడిగింది ఒకటే. ఎంత శాతం పాతది?

కోరంగి_మేస్త్రి:
శాతాలు పాలకేంద్రంలో చూస్తారండి, పడవకి కాదు.

పూర్ణ_హెచ్:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. ఫ్రాన్స్‌కి మన సైన్యం నుంచి కంచరగాడిదల దళాలు కూడా వెళ్ళాయి, రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్ వాళ్ళు. వాళ్ళలో చాలామంది డంకర్క్ నుంచే తిరిగొచ్చారు, గాడిదల్ని మాత్రం అక్కడే వదిలేశారు. పాత చెక్కో కొత్త చెక్కో, బోర్డు మీద వాళ్ళ గురించి ఒక్క ముక్క రాస్తారా?

టేమ్స్_రవి:
నేను చదివిన బోర్డుల్లో కనపడలేదండి. ఈసారి వెళ్ళినప్పుడు అడుగుతాను.

దస్త్రం:
శాతం ఎందుకు అడుగుతున్నానో వివరంగా చెప్తాను, ఓపికుంటే చదవండి. ఈ పడవల్ని వెతకడమే పెద్ద పని. 1940 మే 14న బీబీసీలో ప్రకటన వేశారు: 30 నుంచి 100 అడుగుల మధ్య సొంత పడవలున్నవాళ్ళు వివరాలు పంపాలని. థేమ్స్ మీద షికారు పడవలు కూడా పోగయ్యాయి. యుద్ధం అయ్యాక అమ్ముడుపోయాయి, పేర్లు మారాయి, కొన్నింట్లో జనం కాపురాలు పెట్టారు. సముద్రంలో పడ్డ విమానం వాళ్ళని కాపాడిన వాయుసేన లాంచి హెచ్.ఎస్.ఎల్. 102 కూడా అలా కాపురం పడవగా మారిందే. 1936లో కట్టింది, ఆ తరగతిలో మిగిలింది అదొక్కటే. 1996లో బాగుచేసి మళ్ళీ నీళ్ళలో దించారు.

ఇక డంకర్క్ వెళ్ళామని చెప్పుకునే పడవలకి కొదవలేదు. మరి ఏది నిజం? రిజిస్టరైన బ్రిటిష్ పడవకి ఒక అధికారిక నంబరు ఉంటుంది, దాన్ని ప్రధాన దూలం మీద చెక్కుతారు. పేరు పదిసార్లు మార్చినా ఆ నంబరు మారదు. "పుచ్చిపోయింది, మార్చేద్దాం" అని ఆ దూలం తీసి పొయ్యిలో పెడితే, ఇక మిగిలేది మీ మాట ఒక్కటే. డంకర్క్ పడవల సంఘం వాళ్ళు డంకర్క్ వెళ్ళొచ్చిన గుర్తుగా సెయింట్ జార్జి జెండా (తెలుపు మీద ఎర్ర సిలువ) కట్టుకునే హక్కు కనపడ్డ పడవకల్లా ఇవ్వరు.

కోరంగి_మేస్త్రి:
ఆ నంబరున్న ముక్క కోసి అద్దాల పెట్టెలో పెట్టుకోండి. పడవని మాకొదిలేయండి.

దస్త్రం:
ఇదిగో, ఈ "మాకొదిలేయండి" అనే మాటే నాకు మంట. మా తాత బర్మా వైపు పనిచేసి వచ్చాడు. ఆయన ఇనప ట్రంకు పెట్టె మూత మీద తెల్ల రంగుతో పేరు, సర్వీసు నంబరు ఉండేవి. మా అన్నయ్య గృహప్రవేశానికి దాన్ని గీకించి మెరూన్ పెయింట్ వేయించాడు. "ఎంత బాగుందో చూడు" అన్నాడు. రికార్డులు అడిగితే నంబరు చెప్పమన్నారు. నంబరు ఎక్కడుంది? గీకిన రేకుపొట్టుతో పాటు చెత్తబుట్టలో. బాగుచేసేవాళ్ళంటే నాకు భయమండీ. మీరు మంచి మనసుతోనే చెరిపేస్తారు.

విశాఖ_శ్రీను:
అన్నయ్య మీది కోపం మేస్త్రి గారి మీద చూపిస్తున్నారు 😄

కోరంగి_మేస్త్రి:
నవ్వకండి శ్రీను గారూ. నాదీ ఒకటి ఉంది, చెప్తాను. 1996 నవంబరు తుపాను మర్నాడు మా నాన్న తను కట్టిన పడవలో లంకలోంచి జనాన్ని తెచ్చాడు. ఎన్ని విడతలో ఆయనే లెక్కపెట్టలేదు. తర్వాత ఒక ఆఫీసు వాళ్ళొచ్చి, దీన్ని ప్రదర్శనకి పెడతాం, ఎవరూ ముట్టుకోవద్దు, ఉన్నదున్నట్టు ఉండాలి అన్నారు. ఆవరణలో వేపచెట్టు కింద పెట్టారు. రెండు వానాకాలాలు గడిచాయి. ఒక్క రోజు పని, నూలు కూరి రాస్తానని మా నాన్న మూడుసార్లు వెళ్ళాడు. గేటు దగ్గరే ఆపేశారు. అది చారిత్రక వస్తువు, మేస్త్రులు ముట్టుకోకూడదట. చివరికి చెద పట్టిందని కట్టెల కింద తూచి అమ్మేశారు. కట్టినవాడికే దాన్ని ముట్టుకునే హక్కు లేకపోయింది. మీ "ఉన్నదున్నట్టు" అంటే నాకు గుర్తొచ్చేది ఆ గేటు. మ్యూజియం వాళ్ళకి వస్తువు కావాలి, దాన్ని చేసిన మనిషి అక్కర్లేదు. నా గొడవంతా ఇదే. కొత్త చెక్కా పాత చెక్కా కాదు.

పూర్ణ_హెచ్:
🙏

దస్త్రం:
మేస్త్రి గారూ, ఆ గేటు దగ్గర నేనుంటే మీ నాన్నగారిని లోపలికి పంపేవాణ్ణి. ఒక ఫోటో తీసి, ఏ పలక మార్చారో రాసుకుని, తీసిన పలక దాచి. అంతకంటే నేనూ ఏమీ అడగడం లేదు. మెడ్‌వే క్వీన్ నమూనా అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

ఒకటి అడగనా? మీ పడవ మీద నంబరు గానీ గుర్తు గానీ ఏదైనా ఉండేదా?

కోరంగి_మేస్త్రి:
నంబరు లేదు. మా నాన్న ప్రతి పడవకీ ముక్కు దగ్గర లోపలి వైపు బాడితతో మూడు గాట్లు పెట్టేవాడు. కట్టెల అడితిలో ఆ గాట్లు చూసే ఆ ఒక్క పలకా కొనుక్కొచ్చాం. అరుగు మీద బల్ల చేసుకున్నాం. ఇప్పుడు దాని మీదే కూర్చుని టైప్ చేస్తున్నాను.

దస్త్రం:
దయచేసి దానికి రంగు వేయకండి.

కోరంగి_మేస్త్రి:
రెండుసార్లు వేశానండి. వేయకపోతే చెద తినేస్తుంది. గాట్ల చుట్టూ మాత్రం వదిలేశాను.