తోటి అధ్యాపకులు తమ పాఠాల్లోకి కోడింగ్‌ను తెచ్చుకోవడానికి ఎలా సాయపడాలి?

ప్రశ్న: భౌతికశాస్త్ర అధ్యాపకురాలు

అందరికీ నమస్కారం. నేను విశ్వవిద్యాలయంలో డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధిస్తాను. సైన్సు విభాగాల అధ్యాపకులకు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రెండు రోజుల శిక్షణ ఇచ్చే బాధ్యతను పోయిన ఏడాది నాకు అప్పగించారు. మొదటి రోజు వేరియబుల్స్, లిస్టులు, లూపులు, ఫంక్షన్లు నేర్పాను. రెండో రోజు డేటా ఫైళ్లు చదవడం, గ్రాఫులు గీయడం చూపించాను. వచ్చినవారంతా శ్రద్ధగా విన్నారు, శిక్షణ బాగుందని రాసి ఇచ్చారు. సెమిస్టర్ ముగిశాక ఒక్కొక్కరినీ కలిసి అడిగితే, నేర్చుకున్నదాన్ని తరగతిలో వాడినవారు ఒక్కరే ఉన్నారని తెలిసింది.

మిగిలినవారు చెప్పిన కారణాలను తేలిగ్గా తీసిపారేయలేను. సిలబస్ పూర్తి చేయడానికే సమయం చాలడం లేదని కొందరు అన్నారు. విద్యార్థి స్క్రీన్ మీద ఏదైనా ఎర్రర్ వచ్చినప్పుడు తనకు జవాబు తోచకపోతే తరగతిలో పరువు ఏమవుతుందని ఒకరు నిజాయతీగా చెప్పారు. తమ సబ్జెక్టులో దీనికి చోటెక్కడుందో కనిపించడం లేదని ఎక్కువమంది అన్నారు. వీరంతా ఏళ్ల తరబడి చక్కగా పాఠం చెబుతున్నవారే కాబట్టి, లోపం నా శిక్షణలోనే ఉందని నమ్ముతున్నాను. ఈ ఏడాది మళ్లీ నిర్వహించమన్నారు. ఇలాంటి పని చేసినవారు దయచేసి మీ అనుభవం చెప్పండి.

జవాబు 1: యాంత్రికశాస్త్రం బోధించే అధ్యాపకుడు

మేడమ్, మీరు వారికి ఒక భాషను నేర్పారు; వారికి కావలసింది మాత్రం రేపు తరగతిలో చెప్పగలిగే ఒక పాఠం. ఈ రెంటి మధ్య దూరాన్ని ఎవరికి వారే దాటుకోవాలని వదిలేస్తే చాలామంది దాటరు. అందుకే నేను శిక్షణను లూపులతో మొదలుపెట్టను. ‘మీ కోర్సులో చేత్తో చేయడం కుదరక మీరు పక్కన పెట్టేసిన లెక్క ఏది?’ అన్న ప్రశ్నతో మొదలుపెడతాను. ఆ ప్రశ్న అడగగానే గదిలో మాటలు పుడతాయి, ఎందుకంటే అలాంటి లెక్క లేని కోర్సు ఉండదు.

నా సబ్జెక్టులో ఆ లెక్క లోలకం. కోణం చిన్నదిగా ఉన్నప్పుడు సైన్ విలువ కోణంతో దాదాపు సమానమని చెప్పి, డోలన కాలం సూత్రం రాబట్టి ముందుకు వెళ్లిపోతాం. కోణం పెద్దదైతే ఏమవుతుందని విద్యార్థి అడిగితే, అది ఈ కోర్సు పరిధిలోకి రాదంటాం. పదిహేను ఇరవై వరుసల ప్రోగ్రాంతో ఆ ప్రశ్నకు వారే జవాబు కనుక్కోగలరు: లోలకాన్ని 90 డిగ్రీల నుంచి వదిలితే డోలన కాలం ఆ సూత్రం చెప్పినదాని కంటే సుమారు 18 శాతం ఎక్కువగా వస్తుంది. పాఠ్యపుస్తకంలోని ఉజ్జాయింపు ఎంతవరకు చెల్లుతుందో విద్యార్థి తానే కొలిచి చూడడం అదే మొదటిసారి కావచ్చు.

ఇంతకంటే విలువైన పాఠం, ప్రోగ్రాం తప్పు జవాబు ఇచ్చినప్పుడు దొరుకుతుంది. స్ప్రింగ్‌కు కట్టిన బరువు కదలికను ఆయిలర్ పద్ధతిలో, అంటే కాలాన్ని చిన్న చిన్న అడుగులుగా విడగొట్టి ఇప్పటి వేగం, త్వరణాలతో తరువాతి అడుగును అంచనా వేస్తూ లెక్కిస్తే, ఘర్షణ ఏమీ లేకున్నా మొత్తం శక్తి పెరుగుతూ పోతుంది. కోణీయ పౌనఃపున్యాన్ని కాలపు అడుగుతో గుణించినప్పుడు 0.1 వచ్చేలా అడుగును ఎంచుకుంటే, ఒక్కో అడుగుకు శక్తి 1 శాతం పెరుగుతుంది. నూరు అడుగులకు, అంటే బరువు రెండు డోలనాలైనా పూర్తి చేయకముందే, దాదాపు 2.7 రెట్లవుతుంది. శక్తి నిత్యత్వం తెలిసిన విద్యార్థి అక్కడ ఆగి తీరాలి. ముందు వేగాన్ని మార్చి, ఆ కొత్త వేగంతో స్థానాన్ని లెక్కించేలా రెండు వరుసల క్రమం మారిస్తే, శక్తి అసలు విలువకు అటూ ఇటూ కొద్దిగా ఊగుతుందే తప్ప హద్దు దాటి పెరగదు. ఎందుకని అడిగితే ఆ చర్చ మొత్తం భౌతికశాస్త్రమే అవుతుంది. అక్కడ అధ్యాపకుడికి తన సొంత నేల మీద నిలబడినంత ధైర్యం ఉంటుంది.

సిలబస్ గురించి ఒక నియమం పెట్టుకోండి. కొత్త లెక్కను పాతవాటికి అదనంగా చేర్చకూడదు, వాటిలో ఒకదాని స్థానంలో పెట్టాలి. ఏ హోంవర్క్ లెక్కను తీసేస్తున్నారో శిక్షణ ముగిసేలోపు ప్రతి ఒక్కరూ రాసి ఇవ్వాలి. భౌతికశాస్త్రం వారైతే పికప్ అనే అధ్యాపకుల సంఘం అందరికీ అందుబాటులో ఉంచిన అభ్యాసాలను తెచ్చుకుని తమ తరగతికి తగినట్టు మార్చుకోవచ్చు. అన్నీ మొదటి నుంచి రాసుకోనవసరం లేదు.

జవాబు 2: గణాంకశాస్త్ర అధ్యాపకురాలు

పై జవాబుతో ఏకీభవిస్తూ, ఎప్పుడూ కోడ్ రాయని విద్యార్థులు ఎక్కువగా ఉన్న తరగతి గురించి నాలుగు మాటలు చెబుతాను. ఖాళీ స్క్రీన్ ముందు కూర్చోబెట్టి ప్రోగ్రాం రాయమంటే, ఒక కామా తప్పిపోయినందుకే అరగంట పోతుంది, సబ్జెక్టు మరుగున పడుతుంది. కంప్యూటర్ విద్యా పరిశోధకురాలు స్యూ సెంటెన్స్, ఆమె సహచరులు ప్రిమ్ (PRIMM) పేరుతో రూపొందించిన క్రమం నాకు ఎంతో ఉపయోగపడింది. పనిచేసే ప్రోగ్రాంను చేతికిచ్చి, అది ఏం చూపిస్తుందో ముందుగా ఊహించమనాలి. తరువాత నడిపించి చూడాలి, లోపల ఏం జరుగుతోందో పరిశీలించాలి, కొద్దిగా మార్చాలి, చివరికి సొంతంగా రాయాలి. మొదటి మెట్టును ఎవరూ దాటవేయకుండా చూడండి. ఊహను కాగితం మీద రాసిన విద్యార్థికి ఫలితం వేరుగా వస్తే కారణం కావాలనిపిస్తుంది. రాయనివారు వచ్చిన ఫలితాన్ని చూసి తల ఊపుతారు.

ఉదాహరణకు, 23 మంది ఉన్న గదిలో కనీసం ఇద్దరి పుట్టినరోజు ఒకటే కావడానికి సంభావ్యత సగం కంటే కొంచెం ఎక్కువ, 50.7 శాతం. సూత్రంతో నిరూపిస్తే విద్యార్థులు ఒప్పుకుంటారు కానీ నమ్మరు. అదే పదివేల గదులను కంప్యూటర్లో సృష్టించి లెక్కపెడితే నమ్ముతారు, ఆపైన సూత్రం ఎందుకు అలా ఉందో వారే అడుగుతారు.

అలాగే 1973లో ఫ్రాన్సిస్ ఆన్‌స్కోంబ్ ప్రచురించిన నాలుగు డేటా సమితులను తీసుకోండి. ఒక్కోదానిలో పదకొండు బిందువులు. సగటులు, విస్తృతులు, సహసంబంధం అన్నీ దాదాపు ఒకటే. గ్రాఫు గీస్తే మాత్రం నాలుగూ నాలుగు రకాలు. గ్రాఫు చూడకుండా సంఖ్యలను నమ్మకూడదని నేను ఎన్నిసార్లు చెప్పినా కలగని ఎరుక ఆ ఒక్క అభ్యాసంతో కలుగుతుంది.

ఇన్‌స్టాలేషన్ విషయానికొస్తే, మొదటి తరగతిలో దాని జోలికే పోకండి, బ్రౌజర్‌లో నడిచే నోట్‌బుక్ వాడండి. అలాంటి జూపిటర్ నోట్‌బుక్‌లో సెల్స్‌ను, అంటే విడివిడి కోడ్ ముక్కలను, ఏ వరుసలోనైనా నడపవచ్చు కాబట్టి, చెరిపేసిన వేరియబుల్ విలువ కూడా మెమరీలో మిగిలిపోయి విద్యార్థిని తికమక పెడుతుంది. అంతా మూసి మళ్లీ మొదటి నుంచి నడిపాకే సమర్పించాలనే అలవాటును తొలి రోజే నేర్పండి.

జవాబు 3: రసాయనశాస్త్ర విభాగంలో సీనియర్ అధ్యాపకుడు

మొదటి జవాబు రాసిన మిత్రుడితో ఒక విషయంలో విభేదిస్తాను. ఒక్కో అధ్యాపకుడు ఒక్కో లెక్క తెచ్చుకోవడం మంచి ఆరంభమే కానీ, ఒక కోర్సులో పైథాన్, మరో కోర్సులో ఇంకొకటి వాడితే విద్యార్థి ప్రతిసారీ మొదటి మెట్టు మీదే నిలబడతాడు. విభాగమంతా కూర్చుని ఒకే భాషను ఎంచుకుని, ఏ సెమిస్టర్లో ఏ నైపుణ్యం వస్తుందో నిర్ణయించుకోవాలి. మా విభాగంలో ఈ పనిని ఒక్కరే భుజాన వేసుకుని నడిపారు. వారు వేరేచోటికి వెళ్లిన మరుసటి ఏడాది ఆ అభ్యాసాలన్నీ ఆగిపోయాయి. ఇప్పటికీ నాకది బాధగానే ఉంటుంది.

రెండో విషయం మార్కులు. పరీక్షలో లేనిదాన్ని విద్యార్థులు పక్కన పెడతారు, అందులో వారి తప్పు లేదు. అయితే కోడ్‌కు మార్కులు వేయడం ఇప్పుడు అర్థం లేని పని, ఎందుకంటే కృత్రిమ మేధ సాధనాలు క్షణాల్లో రాసిస్తున్నాయి. జవాబు సరైనదని ఎలా తెలిసిందో చెప్పమనండి. అడుగును సగం చేస్తే ఫలితం ఎంత మారింది, సూత్రంతో జవాబు దొరికే సందర్భంలో రెండూ కలిశాయా, ప్రమాణాలు సరిపోయాయా అని ఐదు నిమిషాల వైవాలో అడిగితే, అర్థం చేసుకున్నవారెవరో తెలిసిపోతుంది.

పరువు గురించిన భయానికి ఉపన్యాసాలు పనిచేయవు. 1998లో మొదలైన, పరిశోధకులకు కోడింగ్ నేర్పే సాఫ్ట్‌వేర్ కార్పెంట్రీ శిక్షణల్లో బోధకులు సిద్ధం చేసిన స్లయిడ్లకు బదులు అందరి ముందూ కోడ్ టైప్ చేస్తూ పాఠం చెబుతారు. తప్పులు దొర్లుతాయి, వాటిని అక్కడే సరిచేస్తారు. మీ శిక్షణలో కూడా ఎర్రర్ మెసేజ్‌ను పైకి చదివి చూపించండి. పైథాన్‌లో దానిని చివరి వరుస నుంచి చదవాలన్న చిన్న సంగతి తెలియకే చాలామంది బెదిరిపోతారు. అధ్యాపకుడు తన తప్పును ప్రశాంతంగా వెతుక్కోవడం చూసిన విద్యార్థులు, తమ తప్పులను కూడా అలాగే చూడడం నేర్చుకుంటారు.

ప్రశ్న అడిగినవారి స్పందన

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఈసారి రెండు రోజుల శిక్షణ బదులు ఒకే పూట కలుసుకుని, ప్రతి అధ్యాపకుడూ ఒక లెక్కను ఎంచుకునేలా చూస్తాను. ఆ తరువాత వారు దాన్ని తరగతిలో చెప్పే వారం నేను పక్కనే ఉంటాను. ఒకే భాష సంగతి విభాగాధిపతులతో మాట్లాడతాను.

మీ జవాబులు చదివాక నిన్న రసాయనశాస్త్ర విభాగంలోని మిత్రుడొకరితో ఒక ప్రయత్నం చేశాను. ఒక పదార్థం రెండోదిగా, అది మూడోదిగా మారే చర్యను తీసుకుని, మధ్య పదార్థం గాఢత ఎలా మారుతుందో ముందు కాగితం మీద గీయమన్నాను. ఆయన గీసిన గీత సరైనదే. కానీ ప్రోగ్రాంలో కాలపు అడుగును మరీ పెద్దదిగా ఇచ్చారు, దాంతో మొదటి పదార్థం గాఢత సున్నా కంటే కిందికి దిగిపోయింది. ‘గాఢత రుణాత్మకం కావడమేమిటి, ఇది అసాధ్యం’ అంటూ ఆయనే ప్రోగ్రాంను తన వైపు తిప్పుకుని, అడుగును తగ్గిస్తూ ఎక్కడ సరిపోతుందో వెతకడం మొదలుపెట్టారు. పోయిన ఏడాది రెండు రోజులూ మౌనంగా కూర్చుని వెళ్లినవారిలో ఆయన ఒకరు.