సీ హారియర్‌కి నీళ్ల ట్యాంకు ఎందుకు?

ప్రశ్న (విజయనగరం): విశాఖ బీచ్ రోడ్డులో నేవీ వాళ్ల పాత యుద్ధవిమానం సీ హారియర్ చూశాం. దాంట్లో నీళ్ల ట్యాంకు ఉండేదట, నిజమేనాండీ? అద్దం ముందున్న చిన్న రేకు దేనికి?

జవాబు (శ్రీకాకుళం): నిజమే. సుమారు 225 లీటర్ల డిస్టిల్డ్ వాటర్. గాల్లో నిలబడి దిగేటప్పుడు రెక్కలు మోయవు, బరువంతా పెగాసస్ ఇంజిన్‌దే. మన ఎండాకాలంలాంటి వేడికి గాలి పలచబడి థ్రస్ట్ (ఇంజిన్ తోసే బలం) పడిపోతుంది. ఇంజిన్‌లోకి నీళ్లు చిమ్మితే టర్బైన్ చల్లబడి, ఇంజిన్‌ని ఇంకాస్త వేగంగా తిప్పొచ్చు. ఒకటిన్నర నిమిషంలో అయిపోతాయి, ఈలోపే దిగాలి. మామూలు నీళ్లయితే లవణాలు బ్లేడ్లకి పట్టేస్తాయి.

మరో జవాబు (బొబ్బిలి): ఆ రేకు గాలివాటు చూపేది. చిన్నదే గానీ ప్రాణం కాపాడేది అదే. నెమ్మదిగా వెళ్లేటప్పుడు ముక్కు గాలికి ఎదురుగా లేకపోతే ఒక రెక్క లేచిపోతుంది. రెక్కల చివర్ల నుంచి చిమ్మే గాలి దాన్ని ఆపలేదు, విమానం తిరగబడుతుంది. అందుకే రేకు పక్కకి వాలితే వెంటనే పెడల్ తొక్కి సరిచేయాలి.

ప్రశ్న వేసినవారు: మరి ఓడ మీంచి నిట్టనిలువుగా లేచేదా?

జవాబు (శ్రీకాకుళం): ఆయుధాలతో అయితే లేదండీ, అంత బరువు లేవదు. ఈ విమానాలు ఎగిరిన మన నౌక విరాట్ మీద 12 డిగ్రీల ర్యాంపు ఉండేది. నాజిల్స్ (ఇంజిన్ గాలి బయటికి చిమ్మే గొట్టాలు) వెనక్కి పెట్టి పరిగెత్తి, ర్యాంపు చివర కిందికి తిప్పేవారు. ఆ నాజిల్స్ తిప్పే లివర్ థ్రాటిల్ (ఇంజిన్ వేగం పెంచి తగ్గించేది) పక్కనే, ఎడమచేతికి. ఒకటనుకుని ఇంకోటి లాగితే అంతే సంగతులు.