ఒకే పేరు, వేరువేరు రంగాలు: పిల్లలకు తేడా ఎలా చెప్పాలి?

ప్రశ్న (తెలుగు ఉపాధ్యాయురాలు, కావలి ప్రాంతం)

అందరికీ నమస్కారం. మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లల చేత తెలుగు ప్రముఖుల గురించి గోడపత్రిక రాయిస్తున్నాను. చీటీలు తీస్తే ఒక అమ్మాయికి ‘సుబ్బారావు’ అన్న పేరు వచ్చింది. రెండు రోజులు కూర్చుని, గుండ్రని అక్షరాలతో ఒక నిండు పుట రాసుకొచ్చింది. సుబ్బారావు గారు 1895లో పుట్టారనీ, బోదకాలుకు మందు కనిపెట్టారనీ, ఎంకి పాటలు రాశారనీ, ఆ తరువాత సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారనీ అందులో ఉంది. ఏ వాక్యానికి ఆ వాక్యం నిజమే, కానీ అవన్నీ ముగ్గురి జీవితాలు.

మందు సంగతి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిది. పాటలు నండూరి వెంకట సుబ్బారావు గారివి. ఇద్దరూ 1895లోనే పుట్టడం వల్ల పిల్ల మరీ తికమకపడింది. 1966, 67 సంవత్సరాలలో ప్రధాన న్యాయమూర్తిగా ఉన్నవారు కోకా సుబ్బారావు గారు. నాకు మనసుకు కష్టం కలిగించిన విషయం ఏమిటంటే, మన పొదిలిలో 1899లో పుట్టిన భావకవి నాయని సుబ్బారావు గారి ప్రస్తావన ఆ పుటలో ఎక్కడా లేదు.

అంత శ్రద్ధగా రాసిన పుట మీద ఎర్రసిరా గీత పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు. ఒకే పేరుగల పెద్దలను వేరుచేసి చూడడం పిల్లలకు ఎలా నేర్పాలి? మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి ఇలాంటి పేర్లు ఇంకేమి చెప్పవచ్చు?

జవాబు 1 (విశ్రాంత తెలుగు పండితుడు, నెల్లూరు)

అమ్మా, ఆ పుటను కొట్టివేయకండి. కత్తెర ఇచ్చి, ఎవరి వాక్యాన్ని వారికి ఆ అమ్మాయి చేతనే కత్తిరింపజేయండి. తప్పు ఎక్కడ జరిగిందో దానికే తెలుస్తుంది.

ఇక ఉదాహరణ కోసం మీరు దూరం వెళ్లనక్కరలేదు. నెల్లూరికి ఈ చిక్కు పదమూడో శతాబ్దం నాటి నుంచే ఉన్నది. నెల్లూరిని ఏలిన మనుమసిద్ధి కొలువులో ఇద్దరు తిక్కనలు ఉండేవారు. ఒకరు విరాటపర్వం మొదలుకొని పదిహేను పర్వాల భారతాన్ని తెలుగు చేసిన తిక్కన సోమయాజి. మరొకరు ఆయన పెదతండ్రి సిద్ధన కుమారుడు, సేనను నడిపిన ఖడ్గ తిక్కన. ఇద్దరూ మంత్రి భాస్కరుని మనుమలే, ఇద్దరి ఇంటిపేరూ కొట్టరువు వారే. తాత పేరో ముత్తాత పేరో అన్నదమ్ముల బిడ్డలందరికీ పెట్టుకోవడం, ఆ తరువాత పెద్ద సుబ్బయ్య, చిన్న సుబ్బయ్య అని పిలుచుకోవడం మన ఇళ్లలో ఇప్పటికీ ఉన్నదే కదా.

ఖడ్గ తిక్కన కథను పిల్లలకు తప్పక చెప్పండి. కాటమరాజు తన పసులను నెల్లూరి బీళ్లలో మేపుకొని, పుల్లరి అంటే మేత పన్ను కట్టనన్నాడు. ఆ తగవు యుద్ధం దాకా వెళ్లింది. మొదటిసారి ఖడ్గ తిక్కన వెనుదిరిగి ఇంటికి వచ్చినప్పుడు, భార్య చానమ్మ ఆయన స్నానానికి మంచం అడ్డుపెట్టి, ఆడవారికి పెట్టినట్లు పసుపుముద్ద ఉంచిందని చాటువులు చెబుతున్నాయి. అన్నానికి కూర్చుంటే తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు పోసింది. ఇవేమిటని అడిగిన కొడుకుతో, నువ్వు విరిగి వచ్చావు, పసులూ విరిగి వచ్చాయి, పాలూ విరిగాయి అన్నది. ఓడి రావడానికీ పాలు చెడడానికీ ఒకే మాట ఉన్న భాష కాబట్టి ఆ తల్లి దెబ్బ అంత సూటిగా తగిలింది. ఆయన మళ్లీ వెళ్లి పోరాడి రణంలోనే పడిపోయాడు. ఇది జనం నోట నిలిచిన కథ అనీ, శాసనాలలో దొరికిన చరిత్ర వేరనీ పిల్లలకు చెప్పడం మరువకండి.

నేను చెప్పదలచినది ఇది. పేరూ ఇంటిపేరూ రెండూ కలిసిపోయినప్పుడు మన పూర్వులు మనిషి చేసిన పనిని పేరుకు కట్టారు. కత్తి పట్టినవాని పేరుకు ముందు ఖడ్గం చేరింది, యజ్ఞం చేసినవాని పేరుకు వెనుక సోమయాజి చేరింది. మీ పిల్లలు కూడా ప్రతి పేరు పక్కన ఆ మనిషి పని ఏమిటో ఒక్క మాటలో రాస్తే చాలా వరకు చిక్కు తీరుతుంది.

జవాబు 2 (గ్రంథాలయ ఉద్యోగి, ఒంగోలు)

మాస్టారి మాటతో ఏకీభవిస్తూ, అక్షరాన్ని కూడా చూడమని చేర్చుతున్నాను. నేను ఒకప్పుడు పనిచేసిన చోట, ఒక కవితాసంపుటి స్వాతంత్ర్యోద్యమ నాయకుల అరలో కొన్నేళ్లపాటు ఉండిపోయింది. ‘పట్టాభి’ అని చదివి ఎవరో అక్కడ సర్దారు. నాయకుడు భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు, 1923లో మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకును స్థాపించిన వైద్యుడు. కవి మన నెల్లూరు వారు, తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి గారు. 1939లో ఛందస్సును ధిక్కరిస్తూ సంపుటి వెలువరించి, 1970లో కన్నడంలో తీసిన చిత్రానికి జాతీయ ఉత్తమ చిత్ర పురస్కారం అందుకున్నారు. కవిగా ఆయన తన పేరును ‘పఠాభి’ అని రాసుకున్నారు. అట్ట మీద ఉన్న ఆ ఠ నడిమి చుక్కను చూసి ఉంటే పుస్తకం తన చోటికి చేరేది.

కోదండరామిరెడ్డి పేరును కూడా మీ పట్టికలో వేసుకోండి. మరుపూరు వారు రచయిత, మైపాడుకు చెందిన ఎ. కోదండరామిరెడ్డి గారు చలనచిత్ర దర్శకులు.

జవాబు 3 (పాఠకుడు, కందుకూరు)

ఇంటిపేరు చూస్తే చాలునని పిల్లలు అనుకోకుండా జాగ్రత్తపడాలి. మన ఇంటిపేర్లలో చాలావాటికి మూలం ఊరి పేరే కనుక, బంధుత్వం లేనివారికి కూడా ఒకే ఇంటిపేరు ఉంటుంది. దువ్వూరు అనే ఊళ్లు నెల్లూరు జిల్లాలోనూ కడప జిల్లాలోనూ ఉన్నాయి. కవికోకిల దువ్వూరి రామిరెడ్డి గారు నెల్లూరు జిల్లా కవి. 2008 నుంచి 2013 వరకు రిజర్వు బ్యాంకు గవర్నరుగా ఉన్న దువ్వూరి సుబ్బారావు గారు ఏలూరులో పుట్టినవారు. టీచరు గారి సుబ్బారావుల వరుసలో ఈయనను కూడా చేర్చుకోవచ్చు.

ఇంటిపేరును పొడి అక్షరంగా కుదించడం మరొక అనర్థం. బుచ్చిరెడ్డిపాళెంలో 1907లో పుట్టి, శాంతినికేతనంలో చదివి, ఠాగూరు రచనలను తెలుగులోకి తెచ్చి, 1955లో ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రి అయిన బెజవాడ గోపాలరెడ్డి గారిని పత్రికలు బి. గోపాలరెడ్డి అని రాసేవి. ప్రకాశం జిల్లాకు చెందిన దర్శకులు బి. గోపాల్ గారి ఇంటిపేరు కూడా బెజవాడే. పిల్లల చేత ఇంటిపేరును పూర్తిగా రాయించండి.

ఊరు రాసేటప్పుడు జిల్లా విషయంలో కూడా తొందరపడకూడదు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా పొదిలి నెల్లూరు జిల్లాలోనే ఉండేది; ఆ ఒంగోలు జిల్లాకే 1972లో ప్రకాశం జిల్లా అని పేరు మారింది. ఒక పుస్తకంలో నెల్లూరు జిల్లా అనీ మరొక దానిలో ప్రకాశం జిల్లా అనీ కనిపిస్తే, వారు ఇద్దరు నాయని సుబ్బారావులని పిల్లలు పొరబడే అవకాశం ఉంది.

ప్రశ్న అడిగినవారి నుంచి

మాస్టారికీ, మిగిలిన ఇద్దరికీ నమస్కారాలు. ఈ రోజు ఆ అమ్మాయి తన పుటను తానే కత్తిరించి, ఐదు అట్టముక్కల మీద ఐదుగురు సుబ్బారావులను విడివిడిగా అంటించింది. ప్రతి అట్ట మీద ఇంటిపేరు పూర్తిగా, దాని కింద పని, దాని కింద ఊరు, సంవత్సరం రాసింది. నాయని వారి అట్ట మీద ‘పొదిలి, అప్పటి నెల్లూరు జిల్లా’ అని తనంతట తానే వేసుకున్నది.

యల్లాప్రగడ వారి అట్ట దగ్గర మాత్రం చాలాసేపు ఆగింది. ఏటా ఆరోగ్య కార్యకర్తలు ఇంటికి వచ్చి, తమ అవ్వ చేత దగ్గరుండి మింగించే బోదకాలు మందు, డీఈసీ మాత్ర, ఈయనదేనా అని అడిగింది. అమెరికాలో ఆయన నేతృత్వంలో పనిచేసిన పరిశోధకులు కనిపెట్టిన మందే అది అని చెప్పాను. అట్ట మీద ‘శాస్త్రవేత్త’ అన్న మాట కింద, ‘మా అవ్వ వేసుకునే మాత్ర’ అని చిన్న అక్షరాలతో రాసుకున్నది. దానిని అలాగే ఉంచాను.